కుక్కకు కారు నేర్పిన ఆదివారాలు

మా నాయన సముద్రం చూడలేదన్న సంగతి నాకు ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటుండగా తెలిసింది. టీవీలో తుఫాను వార్తలు వస్తున్నాయి. ఒడ్డున నిలబడ్డ మనిషి వెనక అలలు లేస్తున్నాయి. నాయన కలిపిన ముద్దను చేతిలోనే ఉంచుకుని, "నిజంగా అంత ఎత్తు లేస్తాయా పాపా, టీవీ వాళ్ళు పెద్దది చేసి చూపిస్తాండారా?" అని అడిగాడు.

"నువ్వు చూడలేదా నాయనా?"

"యాడ చూస్తా? మన పొలానికి దోవలో లేదు కదా."

నేను మార్కాపురంలో బడిపంతులమ్మను. మా ఆయన పలకల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. తర్లుపాడు పక్కనున్న మా పుట్టింటికి ఆదివారాలు పోయి రావడం మాకు అలవాటు. ఆ మధ్యనే మా ఆయన ఒక పాత కారు కొన్నాడు. ఊరికి పాతదే గానీ ఆయనకు మాత్రం అది నిన్న పుట్టిన బిడ్డ. సీట్లకు కొత్త కవర్లు వేయించి, వాటి మీది ప్లాస్టిక్ కాగితం కూడా తీయనివ్వలేదు. ఎండాకాలంలో ఆ కారు దిగేవాళ్ళ వీపులు చర్రుమని శబ్దం చేస్తూ ఊడివచ్చేవి.

"దసరా సెలవుల్లో సముద్రానికి పోదాం. మనం నలుగురం, కారులో" అన్నాను.

అమ్మ అప్పటికప్పుడే ఏ చీరలు పెట్టుకోవాలో ఆలోచనలో పడింది. నాయన మాత్రం కంచంలోకి చూస్తూ, "మీరు పోయి రాండి. కుక్కను ఎవురు చూస్తారు?" అన్నాడు.

ఆయనకు ఎప్పుడూ ఏదో ఒక జీవం అడ్డం వచ్చేది. నా చిన్నప్పుడు ఎద్దులు. ఆ తర్వాత బర్రెలు. కంది చేను మీద అడవి పందులు పడతాయని కొన్నేళ్ళు. అమ్మ ఊళ్ళో ఆడవాళ్ళతో కలిసి తిరుపతి పోయింది, శ్రీశైలం పోయింది, త్రిపురాంతకానికైతే లెక్కే లేదు. నాయన ట్రాక్టరు మీద వస్తాడు, మోటారు సైకిల్ వెనక కూర్చుంటాడు, మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కి గుంటూరు దాకా కూడా పోయి వస్తాడు. బస్సనో కారనో అంటే మాత్రం ఇంట్లో ఏదో ఒక పశువుకు ఆయన అవసరం పడేది. ఇప్పుడు బర్రెలు కూడా లేవు కాబట్టి కుక్క వంతు వచ్చింది.

"కుక్కను కూడా తీసుకుపోతే సరి" అన్నాడు మా ఆయన, పెరుగు వేసుకుంటూ. మామగారిని ఇరుకున పెట్టాననుకుని నవ్వాడు కూడా. తన సీటు కవర్ల సంగతి ఆ క్షణంలో ఆయనకు గుర్తు రాలేదు.

"ఆ, అదీ మాట!" అన్నాను నేను.

నాయన నా వైపు, మా ఆయన వైపు, గడప అవతల పడుకున్న కుక్క వైపు వరసగా చూశాడు. "అది కారు ఎక్కుతాదా?" అన్నాడు.

"నేర్పుదాం. దసరా ఇంకా దూరముంది."

ఇప్పుడు ఆ కుక్క గురించి చెప్పాలి. ఎర్రమట్టి రంగుది, ఛాతీ మీద మాత్రం పాలు ఒలికినట్టు తెలుపు. ఒక చెవి నిలబడి ఉండేది, రెండోది ఎప్పుడూ వంగే ఉండేది. దాని మెడకు ఎన్నడూ తాడు పడలేదు. పొద్దున నాయన వెంట చేనికి పోయేది, ఆయన వెంటే తిరిగి వచ్చేది. దాని జీవితంలో ఒకే ఒక్క శత్రువు కారు. మోటారు సైకిళ్ళను పట్టించుకునేది కాదు, ట్రాక్టరును గౌరవించేది. కారు కనబడితే మాత్రం చక్రాన్ని కరిచే దాకా నిద్రపోయేది కాదు. మా కారు ఊళ్ళోకి వచ్చిన మొదటి రోజు అది వెనక టైరును పట్టుకుని కొంతదూరం పరిగెత్తింది. మా ఆయన మొహం ఆ రోజు చూసి ఉండాల్సింది.

దానికి పేరు లేదు. నాయన దాన్ని "ఒరే" అంటాడు. అదే దాని పేరనుకుంటుంది.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. మా ఆయన నాకు మేనత్త కొడుకు. పుట్టినప్పటి నుంచీ నాయన ఆయన్ను కూడా "ఒరే" అనే పిలిచాడు. పెళ్ళయ్యాక అల్లుడు కదా అని "అల్లుడూ" అనడం మొదలుపెట్టాడు గానీ, తొందరలో ఉన్నప్పుడు పాత పిలుపే నోటికి వస్తుంది. మా ఇంట్లో "ఒరే" అని కేకేస్తే రెండు తలలు లేచేవి.

మొదటి ఆదివారం నేను మార్కాపురం నుంచి ఎర్ర పట్టీ, గొలుసు, ఒక డబ్బా నిండా ఉడికించిన కోడిగుడ్డు ముక్కలు తీసుకుని దిగాను. కుక్కలకు ఎట్లా నేర్పాలో రాత్రిళ్ళు ఫోనులో వీడియోలు చూసి ఉన్నాను. ఆ వీడియోల్లో పచ్చగడ్డి మీద తెల్లటి బూట్లు వేసుకున్న మనిషి ఒక్క మాట చెప్పగానే కుక్క సిపాయిలాగా కూర్చుంటుంది.

"ముందు దీనికి ఒక పేరు పెడదాం" అన్నాను.

"ఇంత వయసొచ్చినాక పేరు మారిస్తే దానికి మాత్రం ఏం తెలుస్తాది? నీకు ఇప్పుడు పేరు మారిస్తే నువ్వు పలుకుతావా?" అన్నాడు నాయన.

సరే, ఉన్న పేరుతోనే మొదలుపెట్టాం. నాయన వాకిట్లో నిలబడి, గొంతు సవరించుకుని, పంచాయతీలో తీర్పు చెప్పేవాడిలాగా, "ఒరే! కూర్చో!" అన్నాడు.

కారు తుడుస్తున్న మా ఆయన చటుక్కున పక్కనున్న మంచం మీద కూర్చున్నాడు. కుక్క నిలబడే ఉంది.

అమ్మ గడప మీద చెరిగే చేటను కింద పెట్టేసి నవ్వింది. "ఒకడికి వచ్చేసినాది. ఇంక రెండోదానికి నేర్పండి" అంది.

గుడ్డు ముక్క చూపిస్తే కుక్క కూర్చోవడం ఆ సాయంత్రానికే నేర్చుకుంది. గుడ్డు ముక్క లేకపోతే మాత్రం మేము చెప్పేది ఏ భాషో దానికి తెలిసేది కాదు. పట్టీతో పెద్ద రభస జరగలేదు. నాయన చేత్తో కడితే మెడ చాచి కట్టించుకుంది. ఆ తర్వాత ఎవరో కొట్టినట్టు తల దించుకుని నాయన కాళ్ళ దగ్గర నిలబడింది. "తీసేస్తాలేరా, నాలుగు దినాలు ఓర్చుకో" అని నాయన దాని చెవి నిమిరాడు.

కారు మాత్రం అంత తేలిగ్గా కుదరలేదు. శత్రువు కడుపులోకి పోయి కూర్చోమంటే ఎవరు ఒప్పుకుంటారు? తలుపులన్నీ తెరిచి, లోపల గుడ్డు ముక్కలు పెట్టాం. అది ముందు కాళ్ళు లోపల, వెనక కాళ్ళు బయట పెట్టి, ఒళ్ళు సాగినంత సాగదీసి ముక్కలన్నీ ఏరుకుని వెనక్కి వచ్చేసింది. ఆ తర్వాతి వారం ముక్కలను ఇంకా లోపలికి జరిపాం. అది ఇంకా సాగింది. మా ఆయన పక్కనే నిలబడి, "కాళ్ళు, కాళ్ళు! సీటు మీద గోళ్ళు!" అని అరుస్తూనే ఉన్నాడు. చివరికి నాయన విసుగొచ్చి తనే వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాడు. కుక్క ఒక్క దూకు దూకి ఆయన పక్కకు చేరింది.

"అదీ! నేను లేకపోతే అది ఎక్కదు" అన్నాడు నాయన, ఒప్పుకోక తప్పని నిజాన్ని ఒప్పుకుంటున్నట్టు. "నేను పక్కనుండి అలవాటు చెయ్యాల."

ఆ రోజు కారును ఊరి చివర దాకా నడిపాం. వెనక నాయన, ఆయన పక్కన కుక్క. ముందు నేను, మా ఆయన. నాపరాళ్ళ గోడలు దాటి మలుపు తిరిగామో లేదో వెనక నుంచి ఒక శబ్దం వచ్చింది. తినిపించిన గుడ్డు ముక్కలన్నీ కుక్క ప్లాస్టిక్ కవరు మీద కక్కేసింది.

మా ఆయన బండి ఆపి, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని కాసేపు ముందుకే చూస్తూ ఉండిపోయాడు. "ప్లాస్టిక్ తీయనందుకు అందరూ నన్ను చూసి నవ్వినారు" అన్నాడు చివరికి.

నేను నీళ్ళ సీసా వెతుకుతుంటే నాయన తలుపు తీసుకుని దిగి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటి దోవ పట్టాడు. మొహం పాలిపోయి ఉంది. కుక్కకు అట్లా అయినందుకు బాధపడ్డాడేమో అనుకున్నాను.

మరుసటి వారం పట్టీ కట్టీ కట్టకముందే కుక్క తనంతట తానే కారెక్కింది. కిటికీ అద్దం కొంచెం దించితే గాలి వస్తుందని, గాలిలో వాసనలు వస్తాయని కనిపెట్టింది. ముక్కు బయట పెట్టి, నిలబడే చెవి గాలికి వెనక్కి వాలిపోయి, నాలుక వేలాడేసుకుని నవ్వుతున్నట్టే ఉంది. తర్లుపాడు రోడ్డు ఎక్కి కాస్త దూరం పోయామో లేదో నాయన గట్టిగా, "ఆపు, ఆపు! కుక్కకు తిప్పుతాండాది!" అన్నాడు.

నేను వెనక్కి తిరిగి చూశాను. కుక్క అంత సుఖంగా ఎన్నడూ లేదు. నాయన మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుని, తలుపు పిడిని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. నుదుటి మీద చెమట బొట్లు. బండి ఆగగానే దిగి, వేపచెట్టు కిందికి పోయి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగి నిలబడ్డాడు. కుక్క కిటికీలోంచి ఆయన్ను చూసింది. తర్వాత నన్ను చూసింది. దానికి అర్థమైందో లేదో గానీ నాకు అర్థమైంది.

ఆ సాయంత్రం అమ్మ ఒక్కతే దొరికినప్పుడు అడిగాను. అమ్మ చింతపండు గింజలు తీస్తోంది. నా ప్రశ్న పూర్తి కాకముందే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"మాకు పెండ్లయిన కొత్తల్లో శ్రీశైలం పోయినాం. మీ నాయన, నేను, మా అమ్మ. బస్సులో మీ నాయన మర్యాదకు కిటికీ సీటు మా అమ్మకు ఇచ్చినాడు. అదే కొంప ముంచినాది. దోర్నాల దాటి ఘాటు రోడ్డు ఎక్కినాక బస్సు ఒకసారి ఇట్ల, ఒకసారి అట్ల. మీ నాయన పాపం చానాసేపు పండ్లు బిగబట్టి కూర్చున్నాడు. ఆఖరికి కిటికీ దూరమైపోయి..." అమ్మ మళ్ళీ ఆగి నవ్వింది. "మా అమ్మ ఒళ్ళోనే. పట్టుచీర."

"అవ్వ ఏమంది?"

"ఏమంటాది? కొత్త అల్లుడు! 'ఏం పర్వాలేదు నాయనా' అంటా ఆ చీరలోనే శ్రీశైలం దాకా కూర్చున్నాది. నా చీర కట్టుకుని దేవుడి దర్శనానికి పోయినాది. అప్పట్నుంచి మీ నాయన బస్సు ఎక్కితే ఒట్టు. ఎవురికీ చెప్పొద్దని నా చేత కూడా ఒట్టు ఏయించుకున్నాడు."

"మరి ఇప్పుడు నాకు చెప్పినావే?"

"నువ్వు అడిగినావు కదమ్మా" అంది అమ్మ, అందులో ఏ తప్పూ లేనట్టు.

ఇన్నేళ్ళ ఎద్దులు, బర్రెలు, అడవి పందులు అన్నీ నా కళ్ళ ముందు వరసగా నడిచి పోయాయి. మొండితనం అనుకున్నాను. ఎక్కడికీ రాడని ఎన్నోసార్లు అలిగాను కూడా. ఆయనకున్నది ఒక్క భయం. దాన్ని ఇంతకాలం ఎంత కష్టపడి దాచుకున్నాడో తలుచుకుంటే నవ్వూ వచ్చింది, అలిగినందుకు సిగ్గూ వేసింది.

దోవలో మా ఆయనకు చెప్పాను. ఆయన కారు పక్కకు ఆపి మరీ నవ్వాడు. నవ్వు ఆగాక, "మామతో ఏమీ అనొద్దు. కుక్కకే నేర్పుతున్నట్టు నేర్పుదాం" అన్నాడు. ఆ మాటకు నేను ఆయన సీటు కవర్ల పిచ్చిని సగం క్షమించేశాను.

అక్కడి నుంచి మా శిక్షణ తీరే మారిపోయింది. నేను ఫోను చేతిలో పట్టుకుని, అందులో రాసి ఉన్నట్టే చదివేదాన్ని.

"నాయనా, కుక్కకు ముందు సీటైతే తిప్పదంట."

"అట్లనా? అయితే నేను ముందర కూర్చుని దాన్ని కాళ్ళ కాడ కూర్చోబెట్టుకుంటా."

"ఖాళీ కడుపుతో ఎక్కించకూడదంట. అట్లని కడుపు నిండా కూడా పెట్టకూడదంట."

"దానికి పొద్దున ఇంత రాగిసంకటి పెడతాలే. నేను కూడా అంతే తింటా, దాని ముందర ఎక్కువ తింటే బాగుండదు."

"దగ్గరివి చూడకుండా దూరంగా కొండల వైపు చూస్తా ఉండాలంట."

నాయన ఈసారి అనుమానంగా చూశాడు. "కుక్కకు కొండను చూడమని ఎట్ల చెప్తావు పాపా?"

"నువ్వు చూస్తా ఉంటే అదీ చూస్తాది నాయనా."

ఆయన ఒప్పుకున్నాడు. ఆ తర్వాతి ఆదివారాలు మేము ముగ్గురం, కుక్క, కొంచెం కొంచెంగా దూరం పెంచుకుంటూ పోయాం. నాయన ముందు సీట్లో బిగుసుకుని కూర్చుని నల్లమల వైపే కళ్ళు అప్పగించేవాడు. కుక్క ఆయన మోకాలు మీద గడ్డం ఆనించి, కొండల్ని చూడకుండా ఆయన్నే చూసేది. ఒకరోజు మార్కాపురం దాకా వచ్చి, మా ఇంట్లో టీ తాగి, తిరిగి పోయాం. నాయన మా ఇంటికి కారులో రావడం అదే మొదలు. ఇంటి ముందు దిగి, కుక్క తల నిమిరి, "బాగా ఓర్చుకున్నావురా" అన్నాడు.

సెలవులు దగ్గర పడ్డాక నేను మందుల దుకాణం నుంచి ఒక మాత్రల అట్ట తెచ్చి పుట్టింటి అలమారలో పెట్టాను. "దూరప్రయాణం కదా, తిప్పకుండా మాత్రలు" అన్నాను. కుక్కకని చెప్పలేదు, కాదని కూడా చెప్పలేదు.

నాయన ఆ అట్టను తిప్పి తిప్పి చూశాడు. "ఇవి మనుషులు ఏసుకుంటే ఏమన్నా అవుతాదా?" అన్నాడు, గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ.

"ఏం కాదు నాయనా. అసలు మనుషుల మాత్రలే అవి."

"ఊరికే అడిగినాలే."

ఇంకొక్క పాఠం మిగిలింది. సముద్రం దగ్గర మేము దిగబోయే గెస్ట్ హౌస్‌లో ఎవరి కంచంలోనూ మూతి పెట్టకుండా ఉండాలి. అన్నం ముందు పెట్టి "వద్దు" అంటే ఆగాలి, "తిను" అంటేనే తినాలి. కుక్క దీన్ని నేర్చుకోవడానికి నేను చాలా తిప్పలు పడ్డాను. ఎందుకంటే నేను "వద్దు" అన్నప్పుడల్లా నాయన చిన్నగా, నాకు వినపడదనుకుని, "తిను రా" అనేవాడు. చివరికి కుక్కను ఇంట్లోనే ఆపుకుని, నాయన ఒక్కడే చేనికి పోయిన వేళల్లో నేర్పాల్సి వచ్చింది. ఆ తర్వాత అది "వద్దు" అంటే ఆగేది. కంచం వైపు చూస్తే మనసు ఆగదని కాబోలు, తల పక్కకు తిప్పుకుని గోడను చూస్తూ కూర్చునేది.

కుక్కను తేవచ్చా అని నేను ముందే ఫోను చేసి అడిగాను. సముద్రం ఒడ్డున గెస్ట్ హౌస్ నడిపే ఆయన, "కుక్క ఏ జాతిదమ్మా?" అన్నాడు.

"మన ఊరి జాతే."

"కరుస్తుందా?"

"లేదండీ, ట్రైనింగ్ అయింది" అన్నాను, నా గొంతులో గర్వం నాకే వినిపించింది.

బయల్దేరిన పొద్దున నాయన తెల్లచొక్కా వేసుకుని, కుక్కకు ఎర్రపట్టీ కట్టి, అందరికంటే ముందు కారు దగ్గర నిలబడ్డాడు. అలమారలో మాత్రల అట్ట చూస్తే ఒకటి ఖాళీగా ఉంది. ఆయన ముందు సీట్లో కాళ్ళ దగ్గర కుక్కను కూర్చోబెట్టుకోబోతే, బట్టల సంచి అడ్డం వచ్చి చోటు చాలలేదు. కుక్క వెనక్కి రావాల్సి వచ్చింది, మా అమ్మకూ నాకూ మధ్యకు.

అమ్మ ఎన్నడూ ఆ కుక్కను ముట్టుకోలేదు. అన్నం కూడా దూరం నుంచే వేసేది. "నా చీరకు తగిలిందా, చూడు" అని వేలు చూపించి కిటికీకి అతుక్కుని కూర్చుంది. కొనకనమిట్ల వచ్చేసరికి కుక్క తల అమ్మ తొడ మీద ఉంది. పొదిలి వచ్చేసరికి అమ్మ చెయ్యి దాని తల మీద ఉంది. నేను చూస్తున్నానని తెలిసి, "తల పక్కకు తోస్తాండా, పోవడంలే" అంది.

నాయన దోవ పొడుగునా దూరంగానే చూశాడు. కొండలు అయిపోయాక తాటిచెట్లను చూశాడు. చీమకుర్తి దగ్గర గ్రానైటు లారీల వెనక బండి ఆగి ఆగి పోతుంటే ఒకసారి, "కుక్కకు దాహమైనట్టుండాది" అన్నాడు. దిగాం. కుక్క నిద్రపోతోంది. నాయన నీళ్ళు తాగి, మొహం కడుక్కుని, గాలి పీల్చుకుని మళ్ళీ ఎక్కాడు. ఒంగోలు దాటి, ఉప్పుగాలి లోపలికి వచ్చే దాకా ఆయన కడుపు చెక్కు చెదరలేదు.

సముద్రం ముందు నాయన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, నీళ్ళకు చాలా దూరంలో ఆగిపోయాడు.

"పాపా, ఇది ఆగదా?"

"ఏంది నాయనా?"

"ఈ చప్పుడు."

"ఆగదు."

"ఎప్పటికీ?"

"ఎప్పటికీ."

"మరి ఇక్కడోళ్ళు ఎట్ల నిద్రపోతారు?" అన్నాడు, వాళ్ళ మీద నిజంగా జాలిపడుతూ.

కుక్కకు మాత్రం సముద్రం ఒక పెద్ద పనిగా తోచింది. అల వచ్చినప్పుడల్లా ఎదురు పోయి మొరిగేది. అల వెనక్కి పోయేది. తానే తరిమానని తోక పైకెత్తి మా వైపు తిరిగి చూసేలోపు ఇంకో అల వచ్చి దాని వెనక కాళ్ళు తడిపేది. అంతే, మళ్ళీ మొదలు. ఇంతలో ఒడ్డున తిరిగే కుక్కల గుంపు ఒకటి దూరం నుంచి దీన్ని చూసి పరిగెత్తుకు వచ్చింది. నాయన చేతిలోని చెప్పులు ఇసుకలో పడేశాడు. ఉన్న గొంతంతా పెట్టి, "ఒరే! ఇట్ల రా! వచ్చి కూర్చో!" అని అరిచాడు.

కుక్క అలను వదిలేసి బాణంలాగా వచ్చి నాయన కాళ్ళ దగ్గర కూర్చుంది. గుడ్డు ముక్క లేకుండా, తనంతట తాను. అదే సమయానికి మోకాలి లోతు నీళ్ళలో ప్యాంటు పైకి మడుచుకుని ఆడుకుంటున్న మా ఆయన కూడా పరుగెత్తుకుంటూ వచ్చి నిలబడ్డాడు. వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన కూడా "ఏందయ్యా?" అని తలెత్తాడు. అమ్మ నవ్వాపుకోలేక చీర తడుస్తున్నా పట్టించుకోకుండా తడి ఇసుకలో కూలబడింది. వచ్చిన కుక్కలు ఈ గోలంతా చూసి, మనుషులే ఇట్లా ఉంటే వీళ్ళ కుక్కతో మనకెందుకనుకున్నాయేమో, వాసన చూసి వెళ్ళిపోయాయి.

మరుసటి పొద్దున నేను లేచేసరికి నాయన మంచం ఖాళీగా ఉంది. ఒడ్డుకు పోయి చూస్తే, పంచె ఎగ్గట్టి, ఆ పెద్దాయనతోనూ ఇంకొందరితోనూ కలిసి వల తాడు లాగుతున్నాడు. మోకు పట్టి లాగడం ఆయనకు కొత్త కాదు. కుక్క ఒడ్డున కూర్చుని పర్యవేక్షిస్తోంది. వలలో పడ్డ చేపల కంటే ఆయన మాటలే ఎక్కువ. ఈ ఏడు కంది ఎట్లా ఉందో, మా వైపు వానలు ఎట్లా మోసం చేస్తాయో వాళ్ళకు చెబుతున్నాడు. వాళ్ళు గాలి గురించి చెబుతున్నారు. రెండు పక్కలా ఆకాశం మీద ఫిర్యాదులే కాబట్టి మాటలు బాగా కలిశాయి.

తిరుగు ప్రయాణంలో నాయన చేతిలో ఒక పెద్ద సంచి ఉంది. ఎండుచేపలు. "ఊళ్ళో అందరికీ తలా ఇన్ని ఇయ్యాల. ఊరికే పోయొచ్చినామంటే ఎవురు నమ్ముతారు?" అన్నాడు. డిక్కీలో చోటు లేదు. సంచి వెనక సీట్లోకి వచ్చింది, సరిగ్గా కుక్క ముక్కు ముందుకు.

"వద్దు" అన్నాను నేను.

కుక్క సంచి వైపు ఒక చూపు చూసి, తల తిప్పుకుని అవతలి కిటికీలోంచి లోకాన్ని చూడడం మొదలుపెట్టింది. కారు ఒంగోలు దాటింది, చీమకుర్తి దాటింది, కుక్క తల తిప్పలేదు. నోట్లోంచి మాత్రం జొల్లు ప్లాస్టిక్ మీద కారుతూనే ఉంది. మా ఆయన అద్దంలోంచి చూసి, "ఫ్యాక్టరీలో ఒక్కరు కూడా నా మాట ఇట్లా వినరు" అన్నాడు.

పొదిలిలో టీకి ఆగాం. నాయన, మా ఆయన, నేను దిగాం. అమ్మ, "నాకు వద్దు, మీరు తాగి రాండి" అని లోపలే ఉండిపోయింది. నేను అమ్మకని ఒక గ్లాసు పట్టుకుని తిరిగి వచ్చేసరికి ఆమె సంచి మూతి విప్పి, ఒక చేపకు ఉప్పు దులిపి, ముళ్ళు తీసి, కుక్క నోటికి అందిస్తోంది. తన చేత్తో.

"అమ్మా!"

అమ్మ ఉలిక్కిపడలేదు. "చానాసేపు ఓర్చుకున్నాది, చాలు. ఇంక ఎంతసేపు చూస్తాది గోడను చూసినట్టు?" అంది. "మీ ఆయనకు చెప్పొద్దు" అని కూడా అంది. చెప్పే అవసరం రాలేదు. కారంతా వాసనే చెప్పింది.

పొదిలి దాటాక ముందు సీటు నుంచి చిన్న గురక మొదలైంది. నాయన కొండల్ని చూడటం మరిచిపోయాడు. మెడ ఒక పక్కకు వాలిపోయి, నోరు కొంచెం తెరుచుకుని, కారు కుదిపినప్పుడల్లా తల చిన్నగా ఊగుతూ, నిశ్చింతగా నిద్రపోయాడు. మా ఆయన గుంతలు చూసుకుని నెమ్మదిగా నడిపాడు. వెనక సీట్లో అమ్మ, నేను, మా మధ్య కుక్క. మార్కాపురం దాటాం, తర్లుపాడు దాటాం. ఊళ్ళోకి మలుపు తిరిగేసరికి పశువులు ఇళ్ళకు వస్తున్నాయి. కారు ఆగింది. ఆ ఆగడానికి నాయనకు మెలకువ వచ్చింది. కళ్ళు నలుపుకుని, అద్దంలోంచి తన ఇంటి గోడను నమ్మలేనట్టు చూశాడు.

"అప్పుడే వచ్చేసినామా?" అన్నాడు. ఆ గొంతులో కొంచెం దిగులుంది.